మూడు బోట్ల కథ

కువైట్ సిటీ నుంచి సముద్రపు ఒడ్డునే దక్షిణానికి వస్తుంటే మహబూలాకు ముందు తగిలే ఊరు ఫింటాస్. చమురు రాకముందు బావుల కింద తోటలు, సముద్రంలో చేపలవేట, అంతే దాని బతుకు. ఇప్పుడు ఒడ్డు వైపు ఎత్తయిన మేడలు, లోపలికి పోతే కువైటీల విల్లాలు. విల్లా అన్నాక వెనకో పక్కనో ఒక డ్రైవరు గది ఉంటుంది. ఆ గదుల్లో చాలాచోట్ల రాత్రి పది దాటాక కడప యాసో గోదావరి యాసో వినపడుతుంది.

అలాంటి ఒక సందులో పక్కపక్కనే మూడు విల్లాలు, ముగ్గురు తెలుగు డ్రైవర్లు. నీతి కథలో పేర్లతో పనేముంది, ఊర్లతోనే పిలుచుకుందాం. రాయచోటి ఆయన అందరికన్నా పెద్ద. ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉద్యోగం, అకామా, అంటే నివాస అనుమతి, కొట్టించుకుంటూనే పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేశాడు. రాజంపేట ఆయన స్టీరింగు పడితే చూడముచ్చట. కువైట్ రాకముందు గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీలు దింపిన చెయ్యి అది. మూడోవాడు కోనసీమ కుర్రాడు. నవ్వు మొహం, అమ్మవారి పటానికి దండం పెట్టనిదే బండి తీయడు.

ఆ చలికాలం ముగ్గురు యజమానులూ పోటీపడి బోట్లు మార్చారు. మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే దివానియాలో ఒకరు కొన్నారంటే పక్కవారు ఊరుకుంటారా! పాతవి చిన్నవి, ఒక్కో ఇంజనువి. కొత్తవి ఇరవయ్యారు అడుగులవి, వెనక రెండేసి ఇంజన్లు. మార్చి మధ్యలో ఎడారి గుడారాల కాలం అయిపోగానే అక్కడ సముద్రం కాలం మొదలవుతుంది. "వచ్చే శుక్రవారానికి కాక ఆపై శుక్రవారం ముగ్గురం కలిసి ఖైరాన్ తీరానికి పోతాం, ట్రైలర్లు సిద్ధం చేసుకోండి" అని ముగ్గురు డ్రైవర్లకూ కబురొచ్చింది.

సిద్ధం చేయడమంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం తట్టింది.

కోనసీమ కుర్రాడు ట్రైలరును కడిగి, తుప్పు గీకి, రంగు వేయించి, వెనక ఎర్ర లైట్ల వరసలు పెట్టించాడు. రాత్రిపూట అది పెళ్ళి ఊరేగింపులా ఉందని సందులో అందరూ మెచ్చుకున్నారు. దానికి బ్రేకుల్లేవు. ఉండాలని అతనికి తెలియదు. తెలిశాక కూడా, "లాగేది ల్యాండ్ క్రూజరండి అన్నయ్యగారూ, దానికి బ్రేకులున్నాయి కదండీ. ఆ పైన అమ్మవారుంది" అన్నాడు.

రాజంపేట ఆయన ట్రైలరుకు బ్రేకులున్నాయి. రెండు ఇరుసుల్లో ముందు ఇరుసుకు మాత్రం, కరెంటు బ్రేకులు. అది ఎవరో వాడి అమ్మిన ట్రైలరు. ఆయన బోల్టులు బిగించి, టైర్లలో గాలి చూసి, చక్రాలకు గ్రీజు పెట్టాడు. బ్రేకు సంగతి ఏమయిందని పెద్దాయన అడిగితే నవ్వాడు.

"ఏందన్నా, ఘాట్లో పది టన్నులు నెత్తిన పెట్టుకోని గేరు మీద దిగినోణ్ణి. ఈ చదును రోడ్లో బోటు లాగేదానికి నాకు బ్రేకు పాఠమా?"

"చదునే అబ్బీ. ఘాట్లో నువ్వు పోయేది ఇరవై, ముప్పై. ఈడ నూరు."

"నూరయితే ఏమి? నా దూరం నేను పెట్టుకుంటా."

రాయచోటి ఆయన ఇంకేమీ అనలేదు. తన బోటును ట్రైలరుతో సహా సనయ్యకు తోలుకుపోయాడు. రోజూ వర్కుషాపుల మధ్య తిరిగేవాళ్ళు పారిశ్రామిక వాడను ఆ పేరుతోనే పిలుస్తారు. అక్కడ ఇసుక లారీలను తూచే కాటా ఉంది. ముందు కాటా ఎక్కించాడు.

బోటు కాగితంలో బరువు 1,400 కిలోలని రాసి ఉంది. యజమాని మనసులో కూడా అదే అంకె. కాటా మాత్రం 2,900 చూపించింది. ఆ అంకె చూసి కాటా దగ్గరి కుర్రాడికి ఆశ్చర్యమేమీ కలగలేదు కానీ, పెద్దాయన కింద కూర్చుని లెక్క వేసుకున్నాడు. కాగితంలో ఉన్నది ఉత్త బోటు బరువు. రెండు ఇంజన్లు కలిపి 440. నాలుగు వందల లీటర్ల పెట్రోలు, అది 300 దాకా. ట్రైలరు ఒక్కటే 650. లంగరు, మంచు పెట్టెలు, నీళ్ళ డబ్బాలు, గాలాలు, తాళ్ళు కలిసి మిగతా 110. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ పూర్తిగానూ చెప్పలేదు.

కాటా చీటీ జేబులో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి పోయాడు. పెషావరు వైపువాడు, సగం హిందీ, సగం సైగలు. ఒక బల్ల మీద మూడు రకాల సామాను పరిచి చూపించాడు.

మొదటిది కరెంటు బ్రేకు. చక్రం డ్రమ్ము లోపల అయస్కాంతం ఉంటుంది. కారులో పెట్టిన చిన్న పెట్టె నుంచి కరెంటు వస్తే అది డ్రమ్ముకు అతుక్కుని బ్రేకు రెక్కలను తెరుస్తుంది. కారులో కూర్చున్న చోటు నుంచే ట్రైలరు బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో తిప్పి పెట్టుకోవచ్చు. ధర తక్కువ. గుడారాల సామాను, గుర్రాల బండి, ఇల్లులాంటి కారవాన్, వీటికి బాగా నప్పుతుంది.

"చవకగా అయిపోతుంది, ఇదే వేయించుకో" అన్నాడు మెకానిక్.

"ప్రతి శుక్రవారం ఇది ఇరుసుల దాకా సముద్రంలో మునుగుతుంది భాయ్. ఆ అయస్కాంతం, ఆ తీగెలు ఉప్పునీళ్ళకు ఎన్నాళ్ళుంటాయి?"

మెకానిక్ మీసాల్లో నవ్వి ఆ సామాను పక్కకు జరిపాడు. వచ్చింది బేరం తెలిసినవాడని అర్థమయింది.

రెండోది నెట్టుడు బ్రేకు. దీనికి కారు నుంచి కరెంటు అక్కర్లేదు. ట్రైలరు ముక్కు, అంటే కారు హుక్కు మీద కూర్చునే భాగం, కాస్త ముందుకూ వెనక్కూ జరిగేలా ఉంటుంది. కారు వేగం తగ్గగానే వెనక బోటు తన బరువుతో కారును నెడుతుంది. ఆ నెట్టుడుకే ముక్కులోని పిస్టన్ లోపలికి పోయి నూనెను గొట్టాల్లోకి తోస్తుంది, ట్రైలరు చక్రాలకు బ్రేకు పడుతుంది. ఎంత గట్టిగా నెడితే అంత గట్టిగా పడుతుంది. పెద్దాయనకు ఇది తెగ నచ్చింది. బరువు తన తప్పుకు తానే జరిమానా కట్టుకుంటోంది.

మూడోది ఆ రెంటి కలయిక. నూనె బ్రేకే, కానీ నూనెను తోసేది చిన్న మోటారు, దానికి ఆజ్ఞ కారులోంచి పోతుంది. అన్నిటికన్నా మంచిది, అన్నిటికన్నా ఖరీదు.

ఆయన రెండోదే ఎంచుకున్నాడు. డ్రమ్ముల బదులు డిస్కులు వేయమన్నాడు, ఉప్పునీళ్ళలోంచి పైకి వచ్చాక కడగడం తేలిక. మెకానిక్ ఒక ఇరుసుకు వేస్తే చాలన్నాడు, అందరూ అంతే వేయించుకుంటారన్నాడు.

"ఒక్కో ఇరుసు బ్రేకు ఎంత బరువుకు చేసినారు?"

"1,600 కిలోలకు."

"కాటా చీటీలో 2,900 ఉంది. మిగతా 1,300 కిలోలను ఎవరు నిలబెట్టాల? నువ్వా, నేనా?"

రెండు ఇరుసులకూ పడ్డాయి. పెద్దాయన అంతటితో వదల్లేదు. నెట్టుడు బ్రేకుకు ఒక చిక్కుంది. రివర్సులో ఇసుకలోకో ఎత్తుకో తోసినా ముక్కు లోపలికే పోతుంది, బండి ముందుకు వస్తోందో వెనక్కు పోతోందో పిస్టనుకు తెలియదు, బ్రేకు పట్టేస్తుంది. అందుకని రివర్సు లైటు వెలగగానే నూనె దారి మూసే చిన్న వాల్వు పెట్టించాడు. హుక్కు ఊడిపోతే ట్రైలరు తనంత తానే బ్రేకు వేసుకునేలా సన్నని తీగె ఒకటి ముక్కు మీటకూ కారు చట్రానికీ కట్టించాడు. దాని పక్కనే రెండు గొలుసులు, ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా. ముక్కు జారితే నేల మీద పడకుండా ఆ గొలుసుల ఒడిలో పడుతుంది.

ఇక డబ్బు. మొత్తం కలిపితే ఆయన మూడు నెలల జీతం పైమాటే. బాబా అని పిలిచే యజమాని దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అంతెందుకు? బండి వీ8. కొండనైనా లాగుతుంది" అన్నాడు బాబా.

"లాగుతుంది బాబా. నిలబెట్టేదానికే లేదు."

"ఇన్నేళ్ళు తోలావు. ఇప్పుడు భయమేస్తోందా?"

"భయం కాదు బాబా, బరువు" అని కాటా చీటీ చేతిలో పెట్టాడు. "వెనక సీట్లో మీ పిల్లలు కూర్చుంటారు. వాళ్ళ వెనక ఇది ఉంటుంది."

బాబా చీటీని రెండు సార్లు చూశాడు. 1,400 అనుకున్నచోట 2,900 కనిపిస్తే వ్యాపారి అయినవాడికి మాట పెగలదు. డబ్బు లోపలి నుంచి వచ్చింది.

శుక్రవారం తెల్లవారుజామున మూడు బోట్లూ సందు దాటాయి. దారి 40వ నంబరు రోడ్డు, నువైసీబ్ సరిహద్దు వైపు పోయేది. గాలిలో దుమ్ము. సూర్యుడు ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. ముందు రాయచోటి ఆయన, వెనక రాజంపేట ఆయన. కోనసీమ కుర్రాడు పెట్రోలు పోయించుకోవడానికి దారిలో ఆగాడు. పిల్లలంతా వేరే కారులో ముందే పోయారు. అది దేవుడి దయ అనండి, బాబాల తొందర అనండి.

మీనా అబ్దుల్లా దాటాక ముందెక్కడో ఒక లారీ టైరు పేలింది. దుమ్ములోంచి ఉన్నట్టుండి ఎర్ర లైట్లు, వరసగా నిలిచిపోయిన కార్లు.

రాయచోటి ఆయన కాలు బ్రేకు మీద వేశాడు. వెనక ముక్కు లోపలికి పోయిన చప్పుడు వినబడింది. ట్రైలరు చక్రాలు నేలను పట్టుకున్నాయి. కారూ బోటూ ఒకే గీతలో, ముందు కారుకు రెండు బారల ఎడంలో ఆగాయి. చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏమీ లేదు. మంచి బ్రేకు చేసే పనిలో కథ ఉండదు.

రాజంపేట ఆయన చేసినదాంట్లో ఒక్క తప్పు లేదు, అదీ విచిత్రం. దూరం పెట్టాడు. ముందుగానే చూశాడు. గేరు దింపాడు, బ్రేకు వేశాడు. పోయిన కాలమంతా ఉప్పునీళ్ళు తాగిన అయస్కాంతాలు ఒక్కటీ పలకలేదు. కారు ఆగాలనుకుంటోంది, దాని వీపున దాదాపు మూడు టన్నులు వద్దంటున్నాయి. పెద్దాయన బోటును వెనక నుంచి గుద్దకుండా ఆఖరి క్షణంలో కుడి పక్క మట్టిబాటలోకి తిప్పాడు. కారు మాట విన్నది. ట్రైలరు తిన్నగానే పోవాలనుకుంది. మధ్యలో హుక్కు దగ్గర మడతపడి, ట్రైలరు ఓరగా వచ్చి కారు తలుపును నలిపింది. కట్లు తెగి బోటు ఇసుకలో పక్కకు ఒరిగింది. ఆయనను బయటికి తీసేసరికి భుజం ఎముక విరిగి ఉంది.

కోనసీమ కుర్రాడు పావుగంట తర్వాత వచ్చాడు. అప్పటికి దారి తెరిచారు. మెల్లగా ఆగి, దిగి, అంతా చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "చూశారాండీ అన్నయ్యగారూ, బ్రేకులున్న బండికే ఇలా అయ్యింది. నాకసలు బ్రేకులే లేవు, నాకేమీ కాలేదు. అంతా ఆ తల్లి దయండి" అన్నాడు.

రాయచోటి ఆయన అప్పుడు మాట్లాడలేదు. దెబ్బ తిన్నవాడు పక్కనే ఉండగా చర్చ పెట్టే మనిషి కాదు.

వారం తిరిగాక కుర్రాణ్ణి బండితో సహా ఊరవతల ఖాళీగా ఉన్న తారు మైదానానికి రమ్మన్నాడు. తనతో ఒక టేపు, నాలుగు రాళ్ళు తెచ్చాడు. మొదటి రాయి పెట్టి, "ట్రైలరు విప్పేసి రా. నలబైలో వచ్చి, ఈ రాయి కాడ గట్టిగా తొక్కు" అన్నాడు. కుర్రాడు అలాగే చేశాడు. కారు ఆగిన చోట ఇంకో రాయి. టేపు పట్టి చూస్తే 8 మీటర్లు.

"ఇప్పుడు బోటు తగిలించుకోని రా. అదే నలబై."

ఈసారి కారు రెండో రాయి దగ్గర ఆగలేదు. ఊగుతూ, మూలుగుతూ 17 మీటర్ల దగ్గర ఆగింది. కుర్రాడు దిగి రాళ్ళను చూశాడు. నలభై వేగానికి తొమ్మిది మీటర్లేగా తేడా అన్నాడు.

"నువ్వు ఖైరానుకు నలబైలో పోతావా అబ్బీ?"

"నూరండి."

"వేగం రెండున్నర రెట్లు. ఆగే దూరం రెండున్నర రెట్లు కాదు, ఆరు రెట్ల పైన. లెక్క వెయ్యి."

కుర్రాడు ఫోనులో లెక్క వేశాడు. ఒంటి కారుకు 50 మీటర్లు. బోటుతో 105 దాటుతుంది.

"ఆ 50 కాడ ఒక రాయి పెట్టు, 105 కాడ ఇంకోటి పెట్టు. ఇప్పుడు ఆ రాయి నుంచి ఈ రాయికి నడువు."

ఎండ నెత్తిన మండుతోంది. కుర్రాడు నడిచాడు. చాలాసేపు నడిచినట్టనిపించింది. సగం దూరంలో పెద్దాయన అడిగాడు: "నువ్వు నడిచే తావులో ఆ పొద్దు నా బండి ఉండాది. నా బండి ముందర చిన్న కారు, దాంట్లో ఒక ఆడమనిషి, సంకలో బిడ్డ. నువ్వు పెట్రోలుకు ఆగినావు కాబట్టి ఈ మాట నీతో చెప్తాండా. ఆగకుంటే ఎవరితో చెప్పాల?"

కుర్రాడు చివరి రాయి దాకా నడవలేదు. మధ్యలోనే నిలబడిపోయాడు.

అయితే బుద్ధి వచ్చినంత తేలికగా బ్రేకు రాదు. కుర్రాడి యజమాని వచ్చే నెల చూద్దామన్నాడు. డ్రైవరు పట్టుబట్టితే మొండివాడంటారు, అకామా ఆ ఇంటి చేతిలోనే ఉంది. ఆ సంగతి రాయచోటి ఆయన తన బాబా చెవిన వేశాడు. బాబా దివానియాలో తన బోటు ఆగిన తీరు గొప్పగా చెప్పుకున్నాడు. పక్కింటి నలిగిన కారు ఎలాగూ వాకిట్లోనే ఉంది. నౌకరు చెబితే ఖర్చుగా తోచినది స్నేహితుడు చెబితే హోదాగా తోచింది. బ్రేకులు వచ్చేదాకా నెలరోజులు ఆ బోటు షెడ్డు దాటలేదు. భుజం కుదిరాక రాజంపేట ఆయన మళ్ళీ స్టీరింగు పట్టాడు. ట్రైలరు తగిలించే ముందు ఇప్పుడు ఆయనే వంగి చక్రాల లోపలికి చూస్తాడు.

నీతి

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు మూడు చేపల కథ చెబుతాడు. చెరువు ఎండబోతోందని ముందే గ్రహించి వెళ్ళిపోయింది దీర్ఘదర్శి. వలలో పడ్డాక, జాలరులు చేపలను గుచ్చిన తాడును తానే నోట కరుచుకుని, వాళ్ళు నీళ్ళలో కడుగుతున్నప్పుడు విడిచి పారిపోయింది ప్రాప్తకాలజ్ఞుడు. ఏదో ఒకటి అవుతుందిలే అని కూర్చున్న దీర్ఘసూత్రుడు చచ్చిపోయింది. ఆ కథ విన్న మనం చిన్నప్పటి నుంచీ రెండో చేపను లోలోపల మెచ్చుకుంటూ వచ్చాం. సమయానికి తట్టిన తెలివి మనవాళ్ళకు చాలా ఇష్టం. లారీ డ్రైవర్ల కబుర్లన్నీ ఆ చేపవే: ఎదురుగా బస్సు వచ్చింది, ఇటు కోశాను, అటు తిప్పాను, బయటపడ్డాను.

ట్రైలరు కట్టినవాడికి ఆ రెండో చేప దారి లేదు. ఈ కథ చెప్పే నీతి అదే. ఆగడం గురించిన నిర్ణయం రోడ్డు మీద జరగదు, హుక్కు తగిలించే రోజున జరిగిపోతుంది.

ఎందుకు లేదో చూడండి. నూరు వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం కళ్ళకు కనబడి, కాలు బ్రేకు మీద పడేసరికే సెకను పైన గడుస్తుంది. ఆ తర్వాత నైపుణ్యం చేయగలిగింది ఉన్న బ్రేకును వాడుకోవడం వరకే, లేనిదాన్ని పుట్టించడం దాని చేత కాదు. 2,900 కిలోల బోటు నూరు వేగంలో మోసుకొచ్చే శక్తి 11 లక్షల జూళ్ళ పైచిలుకు. ఆపడమంటే ఆ శక్తినంతా వేడిగా మార్చడం. సుమారు మూడు లీటర్ల చల్లటి నీళ్ళను మరిగించేంత వేడి అది. ట్రైలరుకు బ్రేకు ఉంటే ఆ వేడిని దాని చక్రాలు పంచుకుంటాయి. లేకపోతే తన బరువుకే తయారుచేసిన కారు బ్రేకులు రెండు బండ్ల వేడినీ మింగాలి. వేసవిలో యాభై డిగ్రీలకు చేరే ఊళ్ళో ఒకసారి కాకపోతే రెండోసారైనా అవి చేతులెత్తేస్తాయి. ఘాట్లో గేరు మీద లారీ దింపిన పనితనం గొప్పదే. కానీ ఆ లారీ బరువుకు ఆ లారీ బ్రేకులు చేశారని, తన పనితనం వాటి మీద నిలబడిందని రాజంపేట ఆయన మరిచాడు.

ఈ పాఠం రైళ్ళు ఎప్పుడో నేర్చుకున్నాయి, చాలా ఖరీదుకు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర బడిపిల్లల విహారయాత్ర రైలు ఒకటి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. ఇంజను భారం తగ్గించాలని వెనక పెట్టెలను విడదీశారు. ఆ రోజుల్లో ఆ రైలుకున్న బ్రేకులు ఇంజనుతో సంబంధం తెగితే పనిచేయనివి. విడిపోయిన పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి, వెనక వస్తున్న రైలును గుద్దాయి. దాదాపు 80 మంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే, సంబంధం తెగితే దానంతటదే పడే గాలి బ్రేకును తయారుచేసి పెట్టాడు. ఖర్చని కంపెనీలు వాయిదా వేస్తూ వచ్చాయి. ఆర్మా తర్వాత అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళకు అలాంటి బ్రేకులు తప్పనిసరి చేసింది. రాయచోటి ఆయన ముక్కు మీటకు కట్టించిన సన్నని తీగె ఆ చట్టానికి మనవరాలు.

ఐరోపాలో ట్రైలరు మొత్తం బరువు 750 కిలోలు దాటితే సొంత బ్రేకులు ఉండి తీరాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 పౌండ్ల దగ్గర ఉంది, అంటే సుమారు 1,360 కిలోలు. మన ఊళ్ళలో సంగతి వేరు. ధాన్యం బస్తాలతోనో, కూలికి పోయే ఆడవాళ్ళతోనో నిండిన ట్రాలీ బ్రేకుల్లేకుండా ట్రాక్టరు వెనక దిగువకు వస్తుంటే చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ట్రాక్టరు బ్రేకులు దాని వెనక చక్రాలకే, ట్రాలీ బరువంతా ఆ చక్రాల మీదికే నెట్టుకొస్తుంది. అది మామూలు దృశ్యమైపోయింది కాబట్టే కువైట్‌లో బ్రేకులేని ట్రైలరును చూసినా మనవాడికి వింతగా తోచదు. కోనసీమ కుర్రాడి నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఏమీ కాని రోజును రుజువుగా లెక్కేసుకోవడమే అతని తప్పు. ప్రమాదం జరగని ప్రతి శుక్రవారం బ్రేకు అక్కర్లేదని చెప్పదు. ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉందని మాత్రమే చెబుతుంది.

ఒక మాట యజమానుల గురించి కూడా. బోటు కొనేది ఒకరు, దాన్ని ఆపాల్సింది ఇంకొకరు. గల్ఫ్‌లో ఇంటి డ్రైవరు బతుకులోని ఇరుకంతా ఇక్కడే ఉంది. కువైట్‌లో 1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరించి 2025 ఏప్రిల్ 22 నుంచి శిక్షలు బాగా పెంచారు. బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే ఇప్పుడు 75 దినార్లు. ఆ 75 దినార్ల భయంతో మనవాళ్ళు ఫోను జేబులోంచి తీయడం మానేశారు, మంచిదే. బ్రేకులేని ట్రైలరు మనిషిని గుద్దితే పోలీసులు ముందు పట్టుకునేది స్టీరింగు వెనక ఉన్నవాడినే. ఆ భయం ఎవరి ముఖంలోనూ కనపడదు.

అందుకని ఫింటాస్‌లోనూ, మంగఫ్‌లోనూ, ఫహాహీల్‌లోనూ బోట్లు, కారవాన్లు లాగే తమ్ముళ్ళకు ఒక మనవి. కాగితంలోని బరువును నమ్మకండి. ఇంధనం నింపి, సామాను ఎక్కించి, ఒక్కసారి కాటా మీద నిలబెట్టండి. ఆ చీటీ తీసుకుని, ట్రైలరు ఇరుసుల మీద, బ్రేకుల మీద రాసిన అంకెలతో పోల్చండి. సముద్రంలో మునిగేదానికి కరెంటు బ్రేకు వద్దనండి. నీళ్ళలోంచి తీసిన రోజే మంచినీళ్ళతో చక్రాలు కడగండి, తీగె, గొలుసులు చేత్తో లాగి చూడండి. ఖాళీ మైదానంలో నలభై వేగంతో ఒకసారి తొక్కి, టేపు పట్టి చూడండి. అంకెలు సరిపోకపోతే ఆ చీటీనే బాబా చేతిలో పెట్టి, ఈ శుక్రవారం వద్దని మర్యాదగా చెప్పండి.